మీ బండి నంబరు ఎవరెవరి దగ్గరుందో మీరే చూసుకోవడం ఎలా

నిరుడు శ్రావణ మాసంలో ఒక రాత్రి అన్నం తింటుంటే ఫోన్‌కి చలాన్ మెసేజ్ వచ్చింది. ట్రిపుల్ రైడింగ్ అట. నాకున్నది కారు. కార్లో ట్రిపుల్ రైడింగ్ ఏంట్రా బాబూ అనుకుంటూ పోర్టల్ తెరిచి చూస్తే ఒక నల్ల బైకు, దాని మీద ముగ్గురు కుర్రాళ్లు, మధ్యలోవాడు ఇంకా స్కూల్ యూనిఫాంలోనే ఉన్నాడు, వెనకవాడు బ్యాగు ఒళ్లో పెట్టుకుని తల తిప్పి సరిగ్గా కెమెరా వైపే చూస్తున్నాడు. ప్లేటు మీద బురద. చివరి అంకె 3, దాన్ని 8గా చదివారు, ఆ 8 నాది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దాని గురించి నాకు పెద్ద కోపం లేదు. కానీ ఆ పిల్లల మొహాలు, వాళ్లు ఏ కూడలి దాటారు, సాయంత్రం ఎన్ని గంటలకి దాటారు, ఇదంతా ముక్కూమొహం తెలియని నా ఫోన్లోకి వచ్చి కూర్చుంది. పైగా ఆ బండి నాది కాదని చెప్పడానికి నా ఆర్సీ, నా కారు ముందు నుంచీ వెనక నుంచీ తీసిన ఫొటోలు నేనే పంపాల్సి వచ్చింది. చలాన్ తీసేయడానికి నెల పట్టింది. ఆ నెలలో కూర్చుని, నా బండి నంబరు పట్టుకుని ఎవరెవరు నా గురించి ఏమేం తెలుసుకోగలరో ఒక్కొక్కటే చూసుకున్నాను. అలా చూసుకున్న పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ఒక ఆదివారం పొద్దున్న రెండు గంటలు చాలు, ఆర్సీ, ఫోను పక్కన పెట్టుకోండి.

ముందు కెమెరా ఏం చేస్తుందో

రోడ్డు మీద కనిపించే కెమెరాలన్నీ ఒకటి కావు. కొన్ని ఉత్త వీడియో తీస్తాయి, ఎవరైనా కూర్చుని చూస్తే తప్ప దాంట్లో మీరున్నారని ఎవరికీ తెలియదు. కొన్ని చోట్ల ట్రాఫిక్ పోలీసులే చేతిలో కెమెరా పట్టుకుని ఫొటో తీస్తారు. మూడోది ఏఎన్‌పీఆర్, అంటే నంబరు ప్లేటును దానంతటదే చదివే కెమెరా. ఇది ప్లేటును ఫొటో తీసి, ఆ అక్షరాలను టైపు చేసినట్టు మార్చేసి, పక్కన టైము, చోటు రాసి పెట్టుకుంటుంది. తప్పు చేసిన బండి ఏదో ముందే దానికి తెలియదు కాబట్టి ఎదురుగా వచ్చిన ప్రతి బండినీ చదువుతుంది. పాల ప్యాకెట్ తేవడానికి వెళ్లిన మీరూ అందులో ఉంటారు.

వీడియో వేరు, టైపు చేసిన నంబరు వేరు. వీడియోలో మిమ్మల్ని వెతకాలంటే మనిషి గంటలకొద్దీ కూర్చోవాలి. టైపు చేసిన నంబరైతే సెర్చ్ బాక్సులో కొట్టి ఈ నెలంతా ఈ బండి ఎక్కడెక్కడ తిరిగిందో క్షణాల్లో తీయొచ్చు. అందుకే, మామూలు డ్రైవర్‌కి వీటివల్ల ముప్పు ఉందా అని నన్నడిగితే, ఒక కూడలిలో పడిన ఒక్క ఫొటో వల్ల పెద్దగా లేదంటాను. ఆ ఫొటోలన్నీ ఒకచోట చేరి, వాటికి మీ పేరు, ఫోన్ నంబరు తగిలించి, ఎన్నాళ్లు ఉంచుతారో ఎవరూ చెప్పకపోతే మాత్రం కచ్చితంగా ఉంది.

ఇది ఊహ కూడా కాదు. 2019లో కేంద్ర రవాణా శాఖ వాహన్ (బండ్ల రిజిస్ట్రేషన్లు), సారథి (డ్రైవింగ్ లైసెన్సులు) డేటాను గంపగుత్తగా అమ్మే పాలసీ పెట్టింది, కంపెనీలకు ఏడాదికి 3 కోట్ల రూపాయలు, చదువు సంస్థలకు 5 లక్షలు. 87 ప్రైవేటు సంస్థలకు, 32 ప్రభుత్వ సంస్థలకు డేటా అందుబాటులో ఉంచామని, దాని మీద సుమారు 65 కోట్లు వచ్చాయని ఆ ఏడాది జులైలో మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకి చెప్పారు. దుర్వినియోగం అవుతుందనే భయంతో 2020లో ఆ పాలసీని రద్దు చేశారు, మంచిదే, కానీ అప్పటికే బయటికి వెళ్లిన డేటా వెనక్కి రాదు కదా. "సార్, మీ కారు ఇన్సూరెన్స్ 18వ తారీఖుతో అయిపోతోంది" అని మీరు జన్మలో వినని ఏజెంటు ఫోన్ చేసినప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది.

మొదట మీ ఫొటోలు మీరు చూడండి

మీ రాష్ట్రం ఈ-చలాన్ పోర్టల్‌కి వెళ్లండి, లేదా కేంద్ర రవాణా శాఖ పోర్టల్ పరివాహన్‌లో ఈ-చలాన్ విభాగానికి వెళ్లండి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు, అడ్రస్ మీరే టైపు చేయండి, అది గవ్ డాట్ ఇన్‌తో ముగియాలి. ఈ మధ్య వాట్సాప్‌లో "మీ చలాన్ చూసుకోండి" అంటూ ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తోంది, దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్లోకి వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకే వెళ్తాయి. ఏ ప్రభుత్వ శాఖా వాట్సాప్‌లో ఏపీకే పంపదు. పొరపాటున నొక్కేసి డబ్బు పోయిందా, ఇంకేం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

పోర్టల్ తెరిచాక డబ్బు కట్టే ముందు రెండు సంగతులు గమనించండి. ఒకటి, అది ఓటీపీ అడిగిందా, లేక బండి నంబరు కొట్టగానే ఫొటోతో సహా అన్నీ చూపించేసిందా? నంబరు ఒక్కదానికే చూపించిందంటే మీ బండి నంబరు తెలిసిన ఎవరైనా అదే పేజీ చూడగలరు, పోయిన నెల ఎక్కడ ఎన్నింటికి ఉన్నారో, వెనక సీట్లో ఎవరు కూర్చున్నారో సహా. స్కూటర్ వాళ్లకి ఇది మరీ ఇబ్బంది, కార్లో అద్దాలైనా ఉంటాయి. రెండు, ఫొటోలో ఉన్న బండి మీదేనా? రంగు, మోడల్, ప్లేటు అంకెలు ఫొటోను పెద్దది చేసి మరీ చూడండి. పాత చలాన్లు కూడా చూడండి, నూరూ రెండొందలే కదా అని చాలామంది చూడకుండా కట్టేస్తారు, నేనూ అంతకు ముందు రెండుసార్లు అలాగే కట్టి ఉంటానని ఇప్పుడు అనుమానం.

తప్పుడు చలాన్ అయితే పట్టుకోవాల్సిన రూలు సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 167ఎ. 2019లో మోటారు వాహనాల చట్టానికి 136ఎ సెక్షన్ చేర్చారు, దాన్ని అమలు చేయడానికి 2021 ఆగస్టులో ఈ రూలు తెచ్చారు. కెమెరా పరికరానికి ఆమోదం సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి, కెమెరా ఉందని ముందే కనిపించేలా బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసులో తప్పు, నంబరు ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, టైము, చోటు ఉండాలి. అభ్యంతరం రాసేటప్పుడు కథంతా చెప్పకండి. "ఫొటోలో ఉన్నది ద్విచక్ర వాహనం, నా పేరు మీద ఉన్నది కారు, ప్లేటులో చివరి అంకె 3, నాది 8" అని మూడు ముక్కలు రాసి ఫొటోలు జత చేయండి. నేను మొదట పేజీన్నర రాశాను, జవాబే రాలేదు, రెండోసారి నాలుగు లైన్లు రాస్తే కదిలింది. ఆర్సీ కాపీ పంపాల్సి వస్తే దాని మీద అడ్డంగా "చలాన్ అభ్యంతరం కోసం మాత్రమే" అని తేదీ వేసి రాసి పంపండి.

ఆర్సీలో ఎవరి ఫోన్ నంబరుంది?

నవ్వకండి, ఇది చాలామందికి తెలియదు. కారు షోరూంలో కొన్నప్పుడో, సెకండ్ హ్యాండ్ బండి కన్సల్టెన్సీలో కొన్నప్పుడో, ఫారాలు నింపే కుర్రాడు ఓటీపీల కోసం మాటిమాటికీ మిమ్మల్ని అడగలేక తన ఫోన్ నంబరే ఎక్కించేస్తాడు. మా బావగారి బండికి ఆరేళ్లుగా అలాగే ఉంది. చలాన్లన్నీ ఏ పుణ్యాత్ముడికి వెళ్తున్నాయో కానీ ఈయనకి ఒక్క మెసేజ్ రాలేదు, చివరికి రోడ్డు మీద తనిఖీలో ఆపితే 14 పెండింగ్ చలాన్లు బయటపడ్డాయి. బండి వివరాలు మారాలన్నా, ట్రాన్స్‌ఫర్ కావాలన్నా ఆ నంబరుకే ఓటీపీ వెళ్తుంది, అంటే తాళం చెవి ఇంకొకరి జేబులో ఉన్నట్టే. పరివాహన్‌లో మొబైల్ నంబర్ అప్‌డేట్ ఉంటుంది, లేదంటే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి మార్పించుకోండి. ఈ వ్యాసంలో ఒక్కపనే చేస్తానంటే ఇది చేయండి.

అలాగే ఆర్సీ ఫొటో వాట్సాప్‌లో పంపే అలవాటు. ఇన్సూరెన్స్ వాళ్లకి, మెకానిక్‌కి, కొనేవాడికి, అడిగినవాళ్లందరికీ పంపేస్తాం. అందులో మీ ఇంటి అడ్రస్, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అన్నీ ఉంటాయి. ప్రభుత్వ యాప్‌లో ఓనరు పేరు కొన్ని అక్షరాలు చుక్కలుగా కనిపించేది మన మేలుకే, మనమే మొత్తం పంపేస్తే ఆ చుక్కలకి అర్థం ఏముంది? రోడ్డు మీద పోలీసులకి ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్లోనో ఎంపరివాహన్‌లోనో తెరిచి చూపిస్తే చాలు. అమ్మకానికి పెట్టే ఫొటోల్లో ప్లేటు మీద ఒక గుడ్డ కప్పి తీయండి.

ఫాస్టాగ్: డైరీ రాస్తున్న స్టిక్కరు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చాక ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఒకసారి తెరిచి చదవండి. నాది ఇలా ఉంది: పంతంగి 6:42, కొర్లపహాడ్ 7:40, చిల్లకల్లు 9:35. కొర్లపహాడ్ దాటాక చిల్లకల్లుకి దాదాపు రెండు గంటలు పట్టిందంటే మధ్యలో సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగామని ఎవరైనా చెప్పేస్తారు, ఏ హోటలో కూడా మా ఇంట్లోవాళ్లు చెప్పగలరు. మూడు అంకెల్లో ఇంత కథ ఉంది. దాంతోపాటు చాలా టోల్ గేట్ల దగ్గర కెమెరా ప్లేటును కూడా చదువుతుంది.

2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కాబట్టి హైవే మీద దీన్ని వద్దనుకునే వీలు పెద్దగా లేదు. ఈ లెక్క మీ బ్యాంకు దగ్గర, టోల్ నడిపేవాళ్ల దగ్గర, మధ్యలో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థలో ఉంటుంది. మీరు చూడాల్సింది అంతకంటే దగ్గరి సంగతి: ఆ మెసేజ్‌లు ఏ ఫోన్‌కి వెళ్తున్నాయి? కారు నాన్నగారి పేరు మీద కొన్నదైతే ఆయన ఫోన్‌కి, పాత ఆఫీసు ఇచ్చిన కారైతే పాత ఆఫీసుకి. విడిపోయిన భార్యాభర్తల మధ్య ఇది ఎంత దూరం పోతుందో నేను చెప్పనక్కర్లేదు, ఎవరెక్కడికి ఎప్పుడు వెళ్తున్నారో జీపీఎస్ పెట్టకుండానే తెలిసిపోతుంది. బ్యాంకు యాప్‌లో మొబైల్ నంబరు మార్చండి, లేదంటే పాత ట్యాగ్ మూయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి.

భయపడనక్కర్లేనిది కూడా ఒకటి చెప్పాలి. సిగ్నల్ దగ్గర అద్దం తుడిచే పిల్లాడు చేతి గడియారంతో ఫాస్టాగ్ స్కాన్ చేసి డబ్బు లాగేస్తున్నాడని 2022లో ఒక వీడియో ఊరంతా తిరిగింది, మా కుటుంబం గ్రూపులో ఇప్పటికీ ఏడాదికోసారి వస్తుంది. అది అబద్ధం. ఆ ట్యాగ్ నుంచి డబ్బు రిజిస్టరైన టోల్ వాళ్లకో పార్కింగ్ వాళ్లకో తప్ప మామూలు మనిషి ఖాతాకి వెళ్లదు.

అమ్మేసిన బండి ఇంకా మీదే

కీస్ ఇచ్చి, డబ్బు తీసుకుని, ఓనరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి చేతిలో పెట్టేసి, పనైపోయింది అనుకుంటాం. కొన్నవాడు ఆర్సీ మార్పించుకోకపోతే కెమెరాకి ఆ బండి ఇంకా మీదే. అతను చేసిన ప్రతి తప్పూ మీ ఫోన్‌కి వస్తుంది, అంతకంటే పెద్దదేదైనా జరిగితే పోలీసులు మీ ఇంటికే వస్తారు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం అమ్మినవాడిదే. డెలివరీ రోజు తేదీ, టైముతో ఒక రసీదు రాయించి సంతకం తీసుకోండి, బండి పక్కన కొన్నవాడు నిలబడిన ఫొటో తీసుకోండి, అదే రోజు ఫాస్టాగ్ మూయించండి. నెల తర్వాత పరివాహన్‌లో ఓనరు మారాడా లేదా చూడండి.

గేటు దగ్గర

ప్రభుత్వ కెమెరాల గురించి మనం చాలా మాట్లాడతాం, కానీ మన ఫోన్ నంబరు, బండి నంబరు కలిపి రోజూ రాసిపెట్టేది అపార్ట్‌మెంట్ గేటే. వాచ్‌మన్ దగ్గర నోటుబుక్కు, అందులో పేరు, ఫ్లాటు, బండి నంబరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము. వెనక నిలబడినవాడు పై పది ఎంట్రీలు చదువుకోవచ్చు. ఇప్పుడు నోటుబుక్కు పోయి యాప్ వచ్చింది, కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో ప్లేటు చదివే కెమెరా కూడా వచ్చింది, ఆ డేటా ఏ కంపెనీ దగ్గరుందో కమిటీకే సరిగ్గా తెలియదు.

మీ సొసైటీ మీటింగులో అడగండి. గొడవగా అక్కర్లేదు, మూడు ప్రశ్నలు చాలు: ఈ రికార్డు ఎన్ని రోజులు ఉంచుతున్నాం, చూసే పాస్‌వర్డ్ ఎవరెవరికి ఉంది, కంపెనీతో ఒప్పందం ముగిస్తే డేటా చెరిపేస్తారని రాతలో ఉందా? "పోలీసులు ఉంచమన్నారు" అని ఎవరో ఒకరు అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం నూరు మందికి పైగా చేరే చోట్ల కెమెరాలు పెట్టమంది, ఫుటేజీ 30 రోజులు ఉంచమంది. సరే, 30 రోజులు ఉంచండి, మూడేళ్లు ఎందుకు? మా దగ్గర ఈ ఒక్క మాటతో పాత ఎంట్రీలు చెరిపేయడానికి ఒప్పుకున్నారు, అయితే ఆ తర్వాత రెండు నెలలు నన్ను "ప్రైవసీ సార్" అని పిలిచారు, అది వేరే సంగతి.

మీ డాష్‌క్యామ్ (కారు ముందద్దం దగ్గర పెట్టుకునే కెమెరా) సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ప్రమాదం జరిగితే అదే మీ సాక్షి, తప్పకుండా పెట్టుకోండి. లోపలి మాటల రికార్డింగ్ ఆపేయండి, కార్డు నిండగానే పాతవి చెరిగిపోయేలా పెట్టండి, ఎవరో అడ్డం వచ్చారని వీడియో అప్‌లోడ్ చేసేటప్పుడు ప్లేట్లు మసకచేయండి. ఆ బండి నడిపింది దాని ఓనరే అని మీకు తెలుసా?

ప్లేటు మాత్రం దాచకండి

కరోనాలో అలవాటైంది, ప్లేటుకి మాస్కు కట్టడం. చివరి అంకె గీకేయడం, ప్లేటు పైకి వంచడం ఇంకొంతమంది పని. ప్రైవసీ కోసమని నాకు ఒకరిద్దరు గంభీరంగా చెప్పారు కూడా. దొరికితే జరిమానాతో పోదు, హైదరాబాద్‌లో ఇలాంటివాళ్ల మీద చీటింగ్ కేసులు పెట్టారు. పైగా మీరు చెరిపిన 3 ఇంకొకరి 8 అవుతుంది, దాని బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీ నంబరునే ఇంకెవరో తగిలించుకుని తిరుగుతున్నట్టు చలాన్ ఫొటోలో కనిపిస్తే ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, రేపు ఆ బండి ఏదైనా కేసులో ఇరుక్కుంటే ఆ రసీదే మిమ్మల్ని కాపాడేది.

అసలు ప్రశ్న అడగాలంటే

పైవన్నీ మన వైపు తలుపులు మూసుకోవడం. ఇక రెండో వైపు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువు ఇచ్చారు. పైగా ఆ చట్టంలోనే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులు ఇచ్చే సెక్షన్ ఉంది, కాబట్టి రోడ్డు కెమెరాల విషయంలో దాని మీద నేను పెద్ద ఆశలు పెట్టుకోలేదు. 167ఎ రూలు చలాన్ పడిన రికార్డును అది తేలేదాకా ఉంచమంటుంది. ఏ తప్పూ చేయకుండా కెమెరా ముందు నుంచి వెళ్లిన బండి రికార్డు ఎన్నాళ్లకి చెరిపేయాలో అందులో లేదు. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఏ కేసుకీ సరిపోలని నంబరును 3 నిమిషాల్లో చెరిపేయాలని చట్టమే ఉంది, అంటే ఇది సాంకేతికంగా కుదరని పని కాదు.

అందుకే సమాచార హక్కు దరఖాస్తు. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయొచ్చు, ఫీజు 10 రూపాయలు, మీ నగర పోలీస్ కమిషనరేట్ లేదా జిల్లా ఎస్పీ ఆఫీసులోని ప్రజా సమాచార అధికారి పేరిట పంపాలి. "ఎందుకు నిఘా పెడుతున్నారు" అని అడిగితే అది ప్రశ్న, సమాచారం కాదు, తిప్పి పంపేస్తారు. కాగితాలు అడగాలి. నేను రాసినవి ఇవి: నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు మీ పరిధిలో ఎన్ని, చలాన్ పడని వాహనాల రికార్డు ఎన్ని రోజులు ఉంచాలన్న ఉత్తర్వు ప్రతి, ఆ రికార్డును ఏ హోదా అధికారులు చూడవచ్చన్న ఉత్తర్వు ప్రతి, ఈ కెమెరాల నిర్వహణకు ప్రైవేటు సంస్థతో చేసుకున్న ఒప్పందంలో డేటాకి సంబంధించిన పేజీల ప్రతులు, ఈ ఏడాది తప్పుగా పడ్డాయని రద్దు చేసిన చలాన్ల సంఖ్య. కెమెరాలు ఏ ఏ చోట్ల ఉన్నాయని అడగొద్దు, భద్రత పేరు చెప్పి దరఖాస్తు మొత్తాన్ని పక్కన పెట్టేస్తారు. వేరేవాళ్ల చలాన్ల గురించి అసలే అడగొద్దు.

స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా "ఇవ్వలేము" అని వస్తే, అదే ఆఫీసులో పై అధికారికి ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఆ తేదీ ఇప్పుడే ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి, నేను మొదటిసారి మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి రాశాను.